ఫోలేట్ రక్తపరీక్ష: నార్మల్ రేంజ్ చరిత్ర

రక్తంలో ఫోలేట్ (విటమిన్ బి9) ఎంత ఉంటే చాలు, ఎంతకు తగ్గితే లోపం అని తేల్చే హద్దులనే ఈ పరీక్ష నార్మల్ రేంజ్ అంటారు. లోపం ముదిరితే ఎర్రకణాలు సరిగా ఎదగక రక్తహీనత వస్తుంది. ఈ విటమిన్ కథలో గోదావరి డెల్టాకు సొంత వాటా ఉంది.

నేపథ్యం

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నారు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ జబ్బుతో చనిపోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేని ఆ జబ్బులో ఫోలేట్ అడుగంటిపోతుంది. బొంబాయి గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని 1931లో బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ ప్రకటించారు. 1941లో పాలకూర నుంచి తీసిన ఇదే విటమిన్‌కు ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు సారథ్యంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నను బలిగొన్న జబ్బుకు తమ్ముడి బృందం మందు అందించింది.

కొలత

తొలి కొలబద్ద లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా. ఫోలేట్ లేనిదే అది పెరగదు. ఫోలేట్ లేని ద్రావణంలో రోగి సీరం (రక్తకణాలు తీసేసిన ద్రవం) చుక్కలు కలిపి, బాక్టీరియా వేసి వెచ్చగా ఉంచేవారు. గొట్టం ఎంత మసకబారితే ఫోలేట్ అంత ఉన్నట్టు లెక్క. తర్వాత రేడియోధార్మిక పద్ధతులు, ఆపై ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి.

హద్దుల నిర్ణయం

అమెరికా వైద్యుడు విక్టర్ హెర్బర్ట్ ప్రయోగానికి తన ఒంటినే ఒడ్డారు. మూడేసి సార్లు ఉడికించి నీళ్లు పారబోసిన తిండే తిన్నారు. మూడు వారాలకే సీరం ఫోలేట్ మిల్లీలీటరుకు 3 నానోగ్రాముల దిగువకు పడింది. రక్తహీనత మాత్రం నాలుగు నెలలు దాటాకే బయటపడింది. 1962లో వెలువడిన ఈ ఫలితం, తగ్గిన అంకె ముందస్తు హెచ్చరిక అని చాటింది.

మామూలుగా కనీసం 120 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి, రెండు కొసల్లో 2.5 శాతం చొప్పున వదిలేసి రేంజ్ కడతారు. ఊరంతటికీ ఆకుకూరలు కరువైతే ఆ లెక్కలో లోపం కూడా నార్మల్‌గానే కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులను జబ్బు గుర్తులతో ముడిపెట్టింది: మిల్లీలీటరు సీరంకు రక్తహీనతను బట్టి 3, ఫోలేట్ తగ్గితే రక్తంలో పేరుకునే హోమోసిస్టీన్ పెరుగుదలను బట్టి 4 నానోగ్రాములు.

రిపోర్టు చదివే తీరు

నిన్న తిన్న తోటకూర పప్పు కూడా సీరం అంకెను పెంచుతుంది. ఎర్రకణాల ఫోలేట్ మాత్రం గడిచిన నెలల సంగతి చెబుతుంది. పద్ధతి మారితే అంకె మారుతుంది. కాబట్టి భీమవరం ల్యాబు రిపోర్టును రాజమండ్రి ల్యాబు రేంజ్‌తో పోల్చకూడదు. బి12 కూడా చూడాలి: ఆ లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.