బాట, బాటా

బాటా అంటే స్వదేశీ కంపెనీ అనుకుంటూ పెరిగినవాళ్ళం మనలో చాలామందిమి. పేరు కూడా మన 'బాట'కు దీర్ఘం తీసినట్టే ఉంటుంది కదా! నిజానికి అది పరదేశం నుంచి వచ్చినది. పొట్టచేత పట్టుకొని దుబాయి, అబుదాబి, షార్జాలకు వచ్చి స్థిరపడిన మనం ఆ కథ తెలుసుకోవటం బాగుంటుంది.

1894లో, ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని జ్లీన్ అనే ఊళ్ళో, తొమాష్ బాటా తన అన్నతోను, అక్కతోను కలిసి బూట్ల తయారీ మొదలుపెట్టాడు. తరతరాలుగా జోళ్ళు కుట్టే కుటుంబం వాళ్ళది. కొద్దికాలానికే అప్పులు మీదపడ్డాయి. తోలు కొనే స్తోమత లేక కాన్వాసు గుడ్డతో బూట్లు కుట్టించాడు. చవకగా, తేలికగా ఉన్న ఆ బూట్లే ఆ సంస్థను నిలబెట్టాయి. 1931లో బాటా కంపెనీ మన దేశంలో వెలిసింది. 1934లో కలకత్తా దగ్గర ఫ్యాక్టరీకి పునాది పడింది. ఆ ఊరే బాటానగర్ అయింది. 'బాటా టెన్నిస్' అనే తెల్ల కాన్వాసు బూటు 1936లో అక్కడే పుట్టింది.

టెన్నిసు బ్యాటు కంటితో చూడని మేము ఆ బూట్లు తొడుక్కొని బడికి వెళ్ళాం. డ్రిల్లు పీరియడుకు అవే, పంద్రాగస్టు కవాతుకూ అవే. తెల్ల పాలిషు కొనలేనివాళ్ళు సుద్దముక్క తడిపి రుద్దేవారు. పాదం పెరుగుతుందని నాన్న ఒక సైజు పెద్దది కొంటే, ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకొని నడిచిన వాళ్ళున్నారు. ఇప్పటికీ ఆ కొత్త రబ్బరు వాసన తగిలితే ప్రాణం లేచి వస్తుంది.

అయితే ఈ అభిమానానికి ఇంకో కారణం కూడా ఉంది. మన పల్లెల్లో పాదరక్షలంటే కేవలం కాళ్ళకు రక్షణ కాదు, హోదా. తెలంగాణలో దొరల గడీ ముందునుంచి పోయేటప్పుడు కింది కులాలవారు చెప్పులు విప్పి చేతబట్టుకోవలసి వచ్చేది. చెప్పులు కుట్టే మాదిగలు వెట్టి కింద దొరకు ఊరికే కుట్టి ఇవ్వాలి. కుట్టినవాడికి తొడుక్కునే హక్కు లేదన్నమాట! 1941లో వెలువడిన జాషువాగారి 'గబ్బిలం' కథానాయకుడు చెప్పులు కుట్టి బతికేవాడే. అటువంటి సమాజంలో, ధర చీటీ అంటించి, బేరం లేకుండా, ఎవరు వచ్చినా అదే ధరకు అమ్మే షాపు చిన్న విషయం కాదు. డ్రిల్లు వరుసలో నిలబడ్డ తెల్ల బూట్లను చూసి ఏది ఎవరి బిడ్డదో చెప్పటం కష్టం.

ఇందులో నష్టం లేదని మేము అనము. ఫ్యాక్టరీ బూటు వచ్చాక ఊళ్ళో కొలత తీసుకొని కుట్టే పనివాడికి గిరాకీ తగ్గింది. అతని పనితనాన్ని వాడుకున్న ఊరు, అది మరుగున పడుతుంటే పట్టించుకోలేదు.

మరొక సంగతి. 1932లో తొమాష్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1939లో హిట్లరు సేనలు దేశాన్ని ఆక్రమించగా ఆయన కొడుకు కెనడా చేరి అక్కడ మళ్ళీ ఫ్యాక్టరీ కట్టుకున్నాడు. 1945లో జ్లీన్ లోని కర్మాగారాన్ని ప్రభుత్వం జాతీయం చేసింది. పుట్టినచోట చేజారిన పేరు, పోయినచోటల్లా సొంతమైంది. మనవాళ్ళు దాన్ని పరాయిదని ఏనాడూ అనుకోలేదు.

ఇక్కడ మన ఫ్లాట్ల గుమ్మాల ముందు పిల్లల బూట్లు రకరకాల పేర్లతో బారులు తీరి ఉంటాయి. అడిగిన కంపెనీవే కొనిపెడదాం, తప్పులేదు. కాని బూట్లు తొడుక్కోవటమే నేరమైన వీధులు మన ఊళ్ళలో ఉండేవని, వాటిని కుట్టిన చేతులకు ఊరు బాకీ పడి ఉందని కూడా చెబుదాం. ఆ బాకీ సంగతి ధర చీటీ మీద ఉండదు, మనమే చెప్పాలి.