ఏన్దోరు నుంచి తిరువొత్తియూరు దాకా

ఓయిజా బోర్డు గురించి మన సంఘాల్లో వినిపించే కథ చిన్నది. అది సినిమాల వెంట పడమటి నుంచి వచ్చిన ఆట, దాని వెనక ఉన్నది దయ్యం, సంఘం మొదటి నుంచీ ఆ మాటే చెబుతోంది. ఉత్తర చెన్నైలోని తిరువొత్తియూరు, తండయార్‌పేట వైపు తెలుగు క్రైస్తవ కుటుంబాల పిల్లలు వింటున్నదీ ఇదే. ఇందులో మొదటి మాట సగమే నిజం. మూడో మాట చరిత్ర ముందు నిలవదు. రెండో మాట విషయంలో, నూట నలభై ఏళ్ల కిందట ఈ మద్రాసులోనే క్రైస్తవులు వేరే దారి తొక్కారు. ఆ దారిని మరచిపోవడం మనకు నష్టమనే ఈ వ్యాసం రాస్తున్నాను.

చనిపోయినవారిని అడగకూడదని ధర్మశాస్త్రం ఖండితంగా నిషేధించింది. అందులో వివాదం లేదు. అయితే ఏన్దోరులో సోదెకత్తె దగ్గర సౌలు రాజుకు కనిపించింది ఎవరన్న ప్రశ్న దగ్గర తొలి సంఘపు పెద్దలు ఒక్క మాట మీద లేరు. వచ్చింది నిజంగా చనిపోయిన సమూయేలు ప్రవక్తేనన్నాడు ఓరిజెన్. అంతియొకయ యూస్టాతియస్ దాన్ని ఖండిస్తూ ప్రత్యేకంగా గ్రంథమే రాశాడు. నిస్సాకు చెందిన గ్రెగరీ దురాత్మ అన్నాడు. అగస్టీన్ రెండింటికీ అవకాశం ఉంచాడు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1848లో అమెరికాలో ఫాక్స్ అక్కచెల్లెళ్ల ఇంట్లో ఆత్మలవంటూ వినిపించిన తట్టిన చప్పుళ్లు, ఐరోపాలో ఆత్మలను పిలిచే కూటాల్లో బల్లలు తిరగడం, 1891లో ఓయిజా బోర్డుకు పేటెంటు. మన ఊళ్లలో బోర్డు అవసరమే రాలేదు, సోదెమ్మ చేటలో బియ్యం పోయించుకుని చచ్చిపోయిన తాత మాట పలికేది. ఇక్కడ మరచిపోకూడని పేరు మైకేల్ ఫారడే. గట్టి విశ్వాసి అయిన ఆ శాస్త్రవేత్త 1853లో పరికరం కట్టి, బల్లను తిప్పుతున్నది కూర్చున్నవాళ్ల చేతులేనని, ఆ సంగతి వాళ్లకే తెలియడం లేదని చూపించాడు.

ఇక మద్రాసు. 1882 మే నెలలో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) స్థాపకులు బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరికి బయలుదేరి, అక్కణ్నుంచి గుంటూరు వెళ్లారు. ఉత్తరానికి పోయే ఆ కాలువ తిరువొత్తియూరుకు పడమటగా ఎన్నూరు వైపు సాగుతుంది. అప్పటికి నలభై ఏళ్లుగా అమెరికన్ బాప్టిస్టు మిషను ఉన్న నెల్లూరులో దివ్యజ్ఞాన సమాజానికి శాఖ ఏర్పడింది. ఆ ఏడాది చివర్లో సమాజం కేంద్రం అడయారుకు మారింది. ఇద్దరూ ఆత్మల లోకానికి కొత్తవాళ్లు కారు. 1874లో వెర్మాంట్‌లో ఎడ్డీ సోదరుల ఇంట ఆత్మలు కనిపిస్తున్నాయంటే చూడబోయిన చోటే వాళ్లకు పరిచయమైంది. బ్లావట్‌స్కీ అంతకుముందే కైరోలో ఒక ఆత్మల సంఘం పెట్టింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి: తనకు ఉత్తరాలు రాసే మహాత్ములు చనిపోయినవారు కారని, బతికున్న సిద్ధపురుషులని ఆమె వాదన. అయినా అడయారులోని బీరువాలో ఉత్తరాలు ప్రత్యక్షమవడం చూసిన జనానికి ఆ తేడా పెద్దగా పట్టలేదనుకుంటాను.

అడయారు కేంద్రంలో పనిచేసి, 1884 మేలో అక్కణ్నుంచి పంపివేయబడిన ఎమ్మా కూలోంబ్ దంపతులు, ఆ అద్భుతాలు మోసమని చూపే కొన్ని ఉత్తరాలను బ్లావట్‌స్కీ రాసినవంటూ బయటపెట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రిక వాటిని ఆ సెప్టెంబరు, అక్టోబరు సంచికల్లో అచ్చువేసింది. దీన్ని మిషనరీల కుట్ర అని దివ్యజ్ఞానులు, సువార్తకు దక్కిన విజయమని మనవాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. రెండూ పలచని కథలే. నన్ను ఆకట్టుకునేది ఆ పత్రిక వాదించిన తీరు. వాళ్లు సులువుగా సాతాను పేరు చెప్పి ముగించవచ్చు. కానీ వాదన బలమంతా చేతిరాత మీద, బీరువా వెనక జరిగే పలకల మీద నిలిచింది. కడప జిల్లా మాన్యువల్ రాసిన జె.డి.బి. గ్రిబుల్ ఉత్తరాలను పరిశీలించి, అడయారు వెళ్లి చూసి వచ్చి, అదే ఏడాది నివేదిక ప్రచురించాడు. డిసెంబరులో లండన్‌లోని సైకికల్ రీసెర్చ్ సొసైటీ తరఫున రిచర్డ్ హాడ్జ్‌సన్ వచ్చి నెలల తరబడి విచారించాడు. 1885 నాటి అతని నివేదిక బ్లావట్‌స్కీని తప్పుపట్టింది.

వీటన్నిటికీ మినహాయింపులున్నాయి. కూలోంబ్‌లకు పగ ఉంది, డబ్బు ముట్టిందన్న ఆరోపణా ఉంది. ఆ ఉత్తరాల మూలప్రతులు ఇవాళ లేవు. 1986లో అదే సొసైటీ సభ్యుడు వెర్నన్ హారిసన్, హాడ్జ్‌సన్ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. మిషనరీలు తటస్థులు కారు. బ్లావట్‌స్కీ ఐరోపా నుంచి మద్రాసుకు తిరిగొచ్చినప్పుడు స్వాగతం పలికినవారిలో ఆ కళాశాల విద్యార్థులే ఉన్నారు. తీర్పు ఎటు పోయినా నా వాదన మారదు. అద్భుతమని చెప్పినదానికి రుజువు అడగడం విశ్వాసానికి విరుద్ధమని ఆనాటి మద్రాసు క్రైస్తవులు అనుకోలేదు. ఆత్మలను పరీక్షించమని యోహాను పత్రిక చెప్పిన పని అదే కదా.

తర్వాత సంఘాలు నిషేధాల వైపు మళ్లాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మీడియంల దగ్గరికి వెళ్తున్న కాలంలో, 1917లో రోమ్ అలాంటి కూటాలకు పోరాదని ఆజ్ఞాపించింది. ఇంగ్లండు సంఘం వేసిన కమిటీలో ఎక్కువమంది ఆత్మవాదంలో కొంత నిజం ఉందన్నారు. 1939 నాటి ఆ నివేదికను బిషప్పులు అచ్చు కాకుండా ఆపారు. జనాన్ని అటు నడిపిన దుఃఖానికి ఈ రెండింటిలోనూ జవాబు లేదు.

నేటి పరిస్థితి నాకు తృప్తిగా లేదు. కాగితం మీద అక్షరాలు రాసి నాణెం జరిపిన పిల్లకు విడుదల ప్రార్థన పెట్టిస్తున్నారు. దానితో ఆ నాణేన్ని నిజంగానే ఎవరో జరిపారని మనమే సాక్ష్యం చెప్పినట్టవుతుంది. కళ్లకు గంతలు కట్టి, కాగితాన్ని తిప్పి పెడితే మాటలు రావడం ఆగిపోతాయని చూపించేవారు అరుదు. దురాత్మలు లేవని నేను అనడం లేదు. లేఖనం అలా చెప్పదు. అయితే లూకా సువార్తలోని ధనవంతుడు లాజరును తన సోదరుల దగ్గరికి పంపమని వేడుకున్నప్పుడు దొరికిన నిరాకరణే మనకు అసలు ఆధారం. వాళ్లకు కావలసిన మాట ముందే ఇచ్చి ఉంది. బోర్డు పనిచేయకపోయినా ఆ నిషేధం నిలుస్తుంది, ఎందుకంటే ఏడుస్తున్న మనిషిని ఆ బోర్డు మోసపు గొంతుకు అప్పగిస్తుంది.

అలా ఏడ్చే ఇళ్లు మన మధ్యా ఉన్నాయి: 2004 డిసెంబరు 26న ఈ తీరానికి సునామీ వచ్చింది, కోవిడ్ ఏళ్లలో ఆఖరి చూపు కూడా దక్కని ఇళ్లున్నాయి. ఆదరణ కూడిక ఒక పూట, జ్ఞాపకార్థ కూడిక ఏడాదికి ఒక పూట. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు. మిగిలిన రోజుల్లో దుఃఖంలో ఉన్న ఇంటికి ఎవరు వెళ్తున్నారు? పాస్టర్లకు, సంఘపెద్దలకు నా మనవి: పిల్లల పుస్తకాల సంచిలో అలాంటి కాగితం కనిపిస్తే గద్దించే ముందు, వాళ్లు ఎవరితో మాట్లాడాలనుకున్నారో అడగండి. ఆ పేరు చెప్పాక, వాళ్లింటికి వెళ్లి కూర్చోండి.