దిష్టి తగలని మెప్పు

మా దూరపు బంధువుల పిల్లవాడొకడు సమర్‌ఖందు నగరమున వైద్యవిద్య అభ్యసించుచు, సెలవులకు భద్రాచలము వచ్చినపుడు, అచ్చట తాను చేసిన పొరపాటొకదానిని గోదావరి గట్టున తమ యింటి అరుగుపై కూర్చుండి నాకు చెప్పెను. తానద్దెకున్న ఇంటి ఇల్లాలు తన మనుమరాలిని ఎత్తుకొని చూపగా, నేర్చిన నాలుగు ఉజ్బెకు మాటలను కూడదీసుకొని, పిల్ల చందమామవలె నున్నదను నర్థమున ‘ఓయ్‌దెక్’ అని మెచ్చుకొనెనట. ఆమె మురిసిపోవుటకు మారుగా, ఇంకను రావలసిన మాట ఏదియో మిగిలియున్నట్లు క్షణకాలము వాని నోటివంక చూచి, అది రాకపోగా తానే ‘కోజ్ తెగ్‌మసిన్’ అని పూరించుకొని, అప్పుడు గాని నవ్వలేదట. కన్ను తగులకుండుగాక యని దాని యర్థము. లోపల చేటలో బియ్యమేరుచున్న వాని నాయనమ్మ ఇది విని, “మరి అనొద్దారా? పిల్ల మంచిగున్నదని ఊరికే అని వస్తరా ఎవరన్న?” అని మందలించెను. సమర్‌ఖందు ఏ దిక్కుననున్నదో ఆమె ఎరుగదు. మర్యాద మాత్రము ఎరుగును.

ఆ మందలింపే నన్నీ విషయమున కొంత వెదకునట్లు చేసినది. రూపమును పొగడు పలుకుబడులను, వానికి కావలిగా నిలుచు మాటలను మన అడవి సరిహద్దున ఏ కాలమెట్లు మలచినదో చూడదగినదే. ఏలయన ఇది ఒక్క పలుకుబడి వర్ధిల్లిన సీమ కాదు. 1874 వరకు భద్రాచలము తాలూకా మధ్యపరగణాలలో నుండెను. ఆ ఏట మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. 1959లో గాని ఖమ్మము జిల్లాకు రాలేదు. ఆ కాలమున నదికి భద్రాచలమున్న యొడ్డు ఆంగ్లేయులది, ఆవలి యొడ్డు నిజాముది. కనుకనే ఒక గడపలో “పిల్ల మంచిగున్నది” అనువారును, ప్రక్క గడపలో “ముచ్చటగా ఉంది” అనువారును ఈనాటికిని ఒకే వీధిలో కనబడుదురు.

ఈ సీమలో రూపప్రశంసకు పెద్దపీట దేవునిదే. భద్రగిరిపై రాముని మొదట కనుగొని, తాటాకు పందిరివేసి, తాటిపండు నివేదించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ యని ఐతిహ్యము. పిదప నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారై, సర్కారు పన్ను సొమ్ముతో గుడి కట్టించి, సీతమ్మకు చింతాకు పతకమును, రామునకు కలికితురాయిని చేయించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేండ్లు మగ్గెనని లోకమెరిగిన కథ. చెరలో నుండి ఆయన పాడిన కీర్తనలలో నొకదానిలో నగల పట్టీ మొహరీల వెలతో సహా నున్నది. అందమును గూర్చిన కృతియే కచ్చేరీ లెక్కల చిట్టాగా మారిన ఇట్టి రచన మరియొక సాహిత్యమున నున్నదో లేదో గాని, తహసీల్దారునకు అది సహజమేనని నా తలంపు.

ఆ తురాయి యను మాట తెలుగు కాదు. తలపాగపై నిలుచు కుచ్చునకు పేరుగా అరబ్బీలో పుట్టి, పారసీకముగుండా గోల్కొండకు వచ్చి, రాముని శిరమునెక్కినది. గోపన్నను చెరబెట్టిన తానాషా 1687లో ఔరంగజేబునకు పట్టుబడెను. ఆ ముట్టడిలోనే ఫిరంగిగుండు తగిలి ప్రాణము విడిచిన మొగలు సేనాని ఖ్వాజా ఆబిదు జన్మస్థానము సమర్‌ఖందు ప్రాంతమే. 1724లో హైదరాబాదున స్వతంత్రపాలనకు పునాదివేసిన నిజాముల్ముల్కు ఇతని మనుమడు. భద్రాద్రి సీతారాముల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానాషా నాటిదని ప్రసిద్ధి. సమర్‌ఖందు సంతతివారును దానిని మానలేదు.

మాటలు మాత్రము సేనలకంటె ముందే వచ్చినవి. మన పల్లెలలో సన్నని పిల్లను “నాజూకుగా ఉన్నది” అందురు, అది పారసీకము. అదే మాటను ఉజ్బెకులు ‘నాజిక్’ అందురు. ఒక్క నదిలోని నీరే రెండు కాలువలలో పారినట్లు, బుఖారా బాటను ఒకటియు, గోల్కొండ బాటను ఒకటియు పోయి, నేడు మా పిల్లవాని చెవిలో కలిసికొన్నవి. అయితే వారి సొంత పోలికలు వేరు. వారికి మంచి కనుబొమ ‘కల్దిర్‌గోచ్’ పిట్ట రెక్కవంటిది. మనకు మన్మథుని విల్లు. అచ్చటి కన్నెలు ‘ఉస్మా’ యను ఆకు రసమును కనుబొమలకు పూసి నల్లబరతురు. పూయబోయి కన్ను పొడుచుకొనుట వారికొక సామెత, వినాయకుని చేయబోయి కోతిని చేయుట మనకొక సామెత.

చందమామ యొద్ద మాత్రము రెండు భాషలును మరల కలియును. ఉజ్బెకులో ‘ఓయ్’ అనగా చంద్రుడు, మాసము కూడ. మన ‘నెల’ యును అంతే, నెలవంకలో చంద్రుడు, నెలజీతములో మాసము. కన్నుముక్కు తీరుగానున్నను ముదుసలులు తృప్తిపడక “మొహంలో కళ ఉందా?” అని అడుగుదురు గదా, ఆ కళ సంస్కృతమున చంద్రునిలో పదునారవ పాలు. చామనఛాయ పిల్లకు పెండ్లికళ వచ్చినదని మురియు అమ్మమ్మ, తానెరుగకయే ఆమె మోమున చంద్రుని చూచుచున్నది. ఛాయ కొరకు పిల్లను వెనుకకు నెట్టు పెండ్లిచూపుల పెద్దలకు ఈ ఒక్క మాటతో జవాబు చెప్పిన ముదుసలులను నేనెరుగుదును.

ఆ పెండ్లిచూపులలోనే మన మెప్పు నైజము తెలియును. ఎంత చక్కని పిల్లనైనను ఎదుటబడి చక్కనిదనరు. కాఫీలు త్రాగి, బండి ఊరు దాటిన తరువాత, “వంక పెట్టడానికి లేదు” అందురు. ఇంతకుమించిన పొగడ్త ఆ తరమువారి నోట రాదు. లోపము లేదనుటయే గుణము కలదనుట. దిష్టికి చోటీయని మెప్పు అది. నోరుజారి పొగడినవారు వెంటనే “నా దిష్టే తగిలేట్టుంది” అని తమపై వేసుకొందురు. ఖమ్మము కోటవీధిలోని ముసల్మాను ఇల్లాండ్రు “మాషాల్లా” అందురు. పెండ్లికొడుకునకు బుగ్గన కాటుకచుక్క పెట్టుట, తీరిన రూపములో తామే ఒక వంకను దిద్ది చూపరి కన్ను దానిపై నిలుపుటయే.

అడవిలోని కోయలు ఈ జంకు లేనివారని నాకు తోచును. పండుగనాడు అడవిదున్న కొమ్ములను, నెమలిపింఛమును తలకెత్తుకొని, డోలు మెడను వ్రేలవేసికొని ఆడు పురుషుని చూచి ఎవ్వరును కన్ను దాచుకొనరు. చూడవలెననియే గదా ఆ కొమ్ములు. 1972 నాటి వన్యప్రాణి చట్టము తరువాత క్రొత్త కొమ్ములు సంపాదించు దారి లేదు గనుక, ఉన్నవానినే చూరున భద్రముగా దాచుకొందురు.

మా పిల్లవాని తిరుగుప్రయాణము నాడు నేనచ్చటనే యుంటిని. ఇంట గ్యాసు పొయ్యి యున్నను ఆ నాయనమ్మ కుంపటిలో బొగ్గులు రాజేసి, గల్లుప్పును ఏడు ఎండుమిరపకాయలను పిడికిట బట్టి, వానిని తూర్పుముఖముగా నిలువబెట్టి, తలనుండి పాదముల వరకు ముమ్మారు దిగదుడిచి, ఇరుగుపొరుగు కండ్లను, త్రోవన చూచినవారి కండ్లను, చివరకు తన కంటిని సైతము లెక్కబెట్టి నిప్పులో వేసెను. ఉజ్బెకులు దీనికే ‘ఇసిరిఖ్’ అను ఎండుమొక్కను పొగవేయుదురని వాడు చెప్పుచుండగనే ఉప్పు చిటపటలాడినది, మిరపకాయలు నల్లబడినవి. అందరము దగ్గుటకు సిద్ధమై కొంగులు, రుమాళ్లు ముక్కున బెట్టుకొంటిమి, దగ్గు రాలేదు.

“చూసినవా? ఘాటే లేదు. ఎంత దిష్టి తగిలిందో!” అని ఆమె కుంపటిని వాకిట పెట్టివచ్చెను.