గూడబాతుకు చట్టం అండ.. మరి కోతికి?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా మచ్చల ముక్కు గూడబాతులు (పెలికాన్లు) వస్తాయి. ఉత్తరాంధ్ర తోటలపై పడేది రీసస్ కోతి. రెండింటికీ రక్షణ ఒకటేనా?

వర్గీకరణ: గూడబాతు పక్షి, పెలికానిడే కుటుంబం. కోతి క్షీరదం, మనిషిలాగే ప్రైమేట్ల క్రమం.

ముప్పు: ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో గూడబాతుది ‘ముప్పుకు చేరువ’ స్థాయి. రీసస్ కోతిది ‘ఆందోళన అక్కర్లేని’ స్థాయి.

చట్టం: వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం గూడబాతును వేటాడటం నేరం. 2022 సవరణతో రీసస్ కోతిని ఆ చట్టం జాబితాల నుంచి తొలగించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది.

అలాగని కోతులకు విషం పెట్టొచ్చా? కుదరదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం-1960 వాటికీ వర్తిస్తుంది.