కళ్ళు లేని పంది పిల్లలు

1930ల దాకా చాలామంది వైద్యులది ఒకటే నమ్మకం. కడుపులో బిడ్డ తనకు కావలసింది తల్లి ఒంట్లోంచి ఎలాగైనా లాక్కుంటుంది, తిండి చాలకపోతే నీరసించేది తల్లే. బిడ్డ అవయవ లోపంతో పుడితే వంశదోషం అనేవారు. మన పల్లెల్లో ఆ నేరం గ్రహణం మీదికి పోయేది.

ఈ నమ్మకానికి తొలి దెబ్బ 1922లో తగిలింది. కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్‌ల ఎలుకలు శుద్ధి చేసిన ఆహారం మీద చూలు కట్టేవి గాని, పిండాలు లోపలే కరిగిపోయేవి. లెట్యూస్ ఆకు పెడితే నిలిచేవి. విటమిన్-ఇ బయటపడింది అలాగే. అయితే పిండం చావడం వేరు, రూపం చెడి పుట్టడం వేరు.

ఆ రెండోదాన్ని చూపినవాడు టెక్సాస్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలోని ఫ్రెడ్ హేల్. ఒక ఆడపందికి చూలు నిలవకముందు 160 రోజులు, నిలిచాక మరో 30 రోజులు విటమిన్-ఎ లేని దాణా పెట్టాడు. అది 11 పిల్లల్ని ఈనింది. ఒక్కదానికీ కనుగుడ్డు లేదు. 1933లో ఈ సంగతి ప్రకటించాడు. మరొకరైతే ఆ సంతతినే పనికిరాదని తీసేసేవారు. హేల్ మాత్రం ఆ గుడ్డి పందులనే జతకలిపి, ఈసారి విటమిన్-ఎ సరిపడా ఉన్న దాణా మేపాడు. పిల్లలు మామూలు కళ్ళతో పుట్టాయి. వంశదోషం అన్న మాటకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

వియన్నా నుంచి అమెరికా చేరిన పిల్లల వైద్యుడు జోసెఫ్ వార్కనీ, సిన్సినాటీలో రోజ్ నెల్సన్‌తో కలిసి 1940లో ఎలుకల ఫలితాలు ప్రకటించాడు. మొక్కజొన్న పిండి, గోధుమ గ్లూటెన్ ప్రధానమైన తిండి మీద తల్లులు చూపుకు బాగానే ఉన్నాయి. పిల్లల్లో సుమారు మూడో వంతు వికృతంగా పుట్టాయి. వాటిని క్షారంలో ఉంచి, మాంసం గాజులా పారదర్శకమయ్యాక ఎముకలకు అలిజరిన్ ఎర్రరంగు పట్టిస్తే పొట్టి దవడలు, చీలిన అంగిళ్ళు, అతుక్కున్న పక్కటెముకలు స్పష్టంగా కనిపించాయి. అదే తిండిలో ఎండబెట్టిన పంది కాలేయం కలిపితే ఇవేవీ లేవు. కాపాడింది అందులోని రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) అని తర్వాత తేలింది. కాని చూలు నిలిచిన ఇంచుమించు 13వ రోజులోపు ఇస్తేనే గుణం, ఆ తర్వాత ఇచ్చి లాభం లేదు.

మరో బి-విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లం కథలో మనవాడొకడున్నాడు. 1945లో దాన్ని రసాయనికంగా తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఎలుకల పేగుల్లోని సూక్ష్మజీవులే దీన్ని కొంత చేసిపెడతాయి కనుక, లోటు కలిగించడానికి తిండిలోంచి తీసేస్తే చాలదు. దాని పనికి అడ్డుపడే మందు కూడా కలపాలి. 1950లలో బర్కిలీలో మార్జరీ నెల్సన్ (సిన్సినాటీ నెల్సన్ కాదు), ఎవాన్స్ తదితరులు అలాగే చేశారు. ఎలుక 22 రోజుల చూలులో 9, 11 రోజుల నడుమ లోటు కలిగిస్తే చాలు, తర్వాత ఎంత పెట్టినా పిల్లల అవయవాలు దెబ్బతినే పుట్టాయి.

మనుషుల్లో తిరుగులేని రుజువు 1991లో వచ్చింది. అంతకుముందు నాడీనాళ (మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం) లోపమున్న బిడ్డను మోసిన స్త్రీలకు బ్రిటన్ వైద్య పరిశోధన మండలి రోజుకు 4 మి.గ్రా. ఫోలిక్ ఆమ్లం ఇప్పించింది. ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. మాత్రలు గర్భం రాకముందే మొదలుపెట్టించారు. పిండంలో నాడీనాళం సుమారు 28 రోజులకే మూసుకుంటుంది, నెల తప్పిందని గమనించేసరికి ఆ పని దాదాపు ముగిసిపోతుంది.