ఇడ్లీ పిండికి తోడు ఎవరు వేశారు?

ఏలూరు, తాడేపల్లిగూడెం పొలాల నుంచి కొల్లేటి అంచుల దాకా వరి పండే మాగాణి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు ముందే, చేలో పదును ఉండగా మినుములు చల్లడం వాడుక. ఈ రెండు గింజలూ కలిసి రాత్రికి రాత్రి పొంగే ఇడ్లీ పిండి మాత్రం ఇండోనేషియా నేర్పిన విద్య అయివుండవచ్చని ఆహార చరిత్రకారుడు కె.టి. అచయ ఊహించారు. 920 ప్రాంతపు కన్నడ ‘వడ్డారాధనె’లో, 1130 ప్రాంతపు ‘మానసోల్లాస’లో ఇడ్లీకి పూర్వరూపాలు ఉన్నా, బియ్యం, పులియబెట్టడం, ఆవిరిపై ఉడికించడం కనిపించకపోవడమే ఆయన వాదానికి బలం. కానీ పిండిలో జరిగేది చూస్తే ఆ ఊహ అవసరం లేదనిపిస్తుంది.

ముఖర్జీ, స్టైన్‌క్రాస్ తదితరులు 1965లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా. పప్పు నానుతుండగానే అది పెరగడం మొదలవుతుంది. రుబ్బాక మరింత పెరిగి, పులుపుతో పాటు బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. మినప్పిండి జిగురు ఆ బుడగల్ని పట్టి ఉంచుతుంది. పులుపు ముదిరాక దాన్ని తట్టుకునే పెడియోకాకస్ జాతి పుంజుకుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పుల్లరొట్టెలో సంగతి వేరు. అక్కడ పిండిలోని మాల్టోజ్ చక్కెరను బాక్టీరియా తింటుంది, ఈస్టు దాని జోలికి పోదు. పోటీ లేదు కనుక రెండూ కలిసి బతుకుతాయి. ఆ జంటను తోడుముద్దలో ఏళ్లతరబడి కాపాడుకోవాలి. ఇండోనేషియాలో పులియబెట్టే వంటకాలైన తాపె, తెంపెలకూ విడిగా దాచిన తోడు కావాలి. ఇడ్లీకి అదేమీ అక్కర్లేదు. తోడు పప్పుతోనే వస్తుంది. వెచ్చని ఊళ్లో మినుములు నానబోసి, రుబ్బి, రాత్రి వదిలేసిన ఎవరికైనా ఈ విద్య దొరికి ఉండేదే.

తర్వాతి పరిశోధకులకు ఇడ్లీ పిండిలో ఈస్టులూ దొరికాయి కదా అనవచ్చు. అవి ఉండవచ్చు, సాయపడనూవచ్చు. అయితే 1965 నాటి పిండి ఈస్టు సాయం లేకుండానే పొంగింది. పాత పుస్తకాల మౌనం మాటేమిటి? 1025 ప్రాంతపు చావుండరాయని ‘లోకోపకార’లో మినుముల్ని మజ్జిగలో నానబెట్టి, రుబ్బి, పెరుగు తేట కలపమని ఉంది. పులుపు పుట్టించే బాక్టీరియా అప్పటికే పిండిలోకి చేరుతోందన్నమాట. వంటింట్లో రోజూ జరిగేదంతా గ్రంథాలకు ఎక్కదు. ఇండోనేషియాతో రాకపోకలు లేవని కాదు, ఆవిరిపాత్ర అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు కూడా. పులియడం మాత్రం మన గింజలోనే ఉంది.

అందుకే తొందరపడి వంటసోడా వేయకండి. సోడాతో బుడగలు వస్తాయి, కానీ పులుపు విరిగిపోతుంది. చలికాలంలో ఇంకో నాలుగు గంటలు ఆగితే చాలు, మినపప్పు తన పని తానే చేసుకుంటుంది.