చిత్రసంస్కరణమున ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేసు: పుట్టుక, ప్రయోజనము

అచ్చుకూటమున కంపోజిటరు తనకు వలసిన అక్షరమును కేసు గడినుండి తీసికొని పేర్చును. సీసము కరగించి అక్షరమును పోతపోయుట ఆతని పని కాదు. అది ఫౌండ్రీవారి పని. అక్షరపు ఎత్తు మారనంతవరకు, ఫౌండ్రీ మారినను కంపోజిటరు పనితీరు మారనక్కరలేదు. కంప్యూటరు ప్రోగ్రాముల రచనలో ఇట్టి శ్రమవిభాగమునకు సాధనమే ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేసు. వస్తువును కోరు భాగమొకటి, నిర్మించు భాగము వేరొకటి. ఆ రెంటి నడుమ నున్న ఒడంబడికయే ఇంటర్‌ఫేసు. చిత్రసంస్కరణమున ఇది ఏల అవసరమయ్యెనో చరిత్రవలన తెలియును.

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్, ఆయన సహచరులు 5 సెంటీమీటర్ల చదరపు ఛాయాచిత్రము నొకదానిని అంకెలుగా మార్చి కంప్యూటరులోనికి ఎక్కించిరి. అడ్డముగా 176, నిలువుగా 176 బిందువులు: మొత్తము 30,976. అది కిర్ష్ కుమారుని శైశవచిత్రము. ఆ తరువాత చిత్రములను భద్రపరచు రూపములు క్రమముగా పెరిగెను. 1987లో జిఫ్, 1992లో జెపెగ్, 1993లో వైద్యచిత్రములకు డైకామ్, 1996లో పింగ్ వెలువడెను. ఒక్కొక్క రూపమును చదువు విధము ఒక్కొక్కటి.

ఇదే కాలమున ప్రోగ్రాముల రచనావిధానమును మారుచుండెను. ఓస్లోలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటరునందు ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిములా 67 భాష క్లాసు, ఆబ్జెక్టు అను భావములకు పునాది వేసెను. ఒక ఆబ్జెక్టు ఏ క్లాసునకు చెందినదో తెలియకయే దానిచేత పని చేయించుకొను వీలు ఇందువలన కలిగెను. కాని చిక్కొకటి మిగిలెను: పని చేయించుకొనుటకు క్లాసు పేరు అక్కరలేకున్నను, ఆబ్జెక్టును పుట్టించుటకు ఆ పేరు చెప్పితీరవలసి యుండెను. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిస్సిడెస్ 1994లో వెలువరించిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథము ఇట్టి చిక్కులకు 23 పరిష్కారరీతులను వివరించెను. ఫ్యాక్టరీ మెథడ్, ఆబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ అనునవి వానిలో రెండు.

ఆ యేటి చివరనే దీని విలువ తెలియదగిన సంఘటన యొకటి జరిగెను. జిఫ్ రూపమున వాడిన కుదింపు పద్ధతిపై పేటెంటు గల యూనిసిస్ సంస్థకు లైసెన్సు రుసుము చెల్లింపవలయునని 1994 డిసెంబరులో ప్రకటన వెలువడెను. ఆ వివాదమునుండియే పింగ్ పుట్టెను. జిఫ్ క్లాసు పేరును నూరు చోట్ల వ్రాసికొనిన ప్రోగ్రామును మార్చుటకు నూరు చోట్లను తడవవలెను. ఫ్యాక్టరీని ఆశ్రయించిన ప్రోగ్రామునకు క్రొత్త క్లాసు నొకదానిని చేర్చి నమోదు చేసిన చాలును.

అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయము 1999లో ఆరంభించిన ఐ.టి.కె. అను చిత్రసంస్కరణ సాధనసంపుటి ఇందుకు చక్కని ఉదాహరణము. ఇందు ప్రతి రూపమునకును చదువరి క్లాసు ఒకటి, దానిని నిర్మించు ఫ్యాక్టరీ యొకటి కలవు. ఫైలు పేరు ఇచ్చినంతనే, నమోదైన ఫ్యాక్టరీలు నిర్మించిన చదువరులను వరుసగా ‘ఈ ఫైలును చదువగలవా?’ అని ప్రశ్నించుట జరుగును. మొదట ఔనన్న చదువరికే ఆ పని అప్పగింపబడును. చిత్రమునందలి మచ్చలను తొలగించు భాగమునకు గాని, అవయవముల హద్దులు గుర్తించు భాగమునకు గాని ఆ ఫైలు ఏ రూపమున వచ్చినదో తెలియనక్కరలేదు.

అయినను ఈ పద్ధతి సర్వరోగనివారిణి కాదు. ఫ్యాక్టరీని నమోదు చేయుట మరచినచో, ఫైలు నిర్దోషమైనను ‘చదువజాలను’ అను సమాధానమే వచ్చును. అంతకన్న సూక్ష్మమైన ప్రమాద మింకొకటి కలదు. సి.టి. చిత్రమున గాలికి −1000, నీటికి 0, ఎముకకు అనేక వందలు విలువలుగా నుండును. వానిని 0 మొదలు 255 వరకు మాత్రమే పట్టు పాత్రలోనికి చదివించినచో, ఫ్యాక్టరీ తన పని సరిగానే చేయును. విలువలు మాత్రము చెడిపోవును. రూపమును ఎన్నుకొనుట ఫ్యాక్టరీ బాధ్యత. విలువలకు తగిన పాత్రను ఎన్నుకొనుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత. రూపమొక్కటియే యైన చిన్న ప్రోగ్రామునకు ఈ యేర్పాటంతయు వట్టి బరువు.

వైద్యుడు ఇరువది యేండ్లనాటి చిత్రమును నేటి చిత్రము ప్రక్కనుంచి రోగమెంత పెరిగెనో చూడవలసి వచ్చును. నాటి రూపము నేడు వాడుకలో లేకపోవచ్చును. దానిని చదువు క్లాసొకటి నమోదై నిలిచియున్నచో, నేటి సంస్కరణభాగమును తాకకయే పాత చిత్రమును మరల తెరవవచ్చును. చిత్రములు చిరకాలము ఉపయోగపడుటకు ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేసు చేసిన మేలు ఇదియే.